పని సగంలో పెంచిన ధర – ఇస్లాం ఏమంటోంది?

వర్షాకాలం వచ్చిందంటే స్లాబు కారే ఇళ్లు, పెళ్లి కుదిరిందంటే సున్నాలు, రంగులు వేయించే ఇళ్లు, రమజాన్ దగ్గర పడిందంటే వంటగది బాగు చేయించుకునే ఇళ్లు మన వాడల్లో ఏటా కనిపిస్తూనే ఉంటాయి. మేస్త్రీని పిలుస్తాం. పని చూపిస్తాం. ఒక మొత్తం మాట్లాడుకుని అడ్వాన్సు ఇస్తాం. పాత పూత పగలగొట్టి, పైపులు ఊడదీసి, ఇల్లంతా దుమ్ముతో నిండిన తర్వాత ఒకరోజు ఆయన వచ్చి, ఈ డబ్బుకు ఈ పని కాదు, ఇంకా ఇంత ఇస్తేనే రేపు మనుషులు వస్తారు అంటాడు.

అప్పుడు ఇంటివారు ఏం చేయాలి? కొందరు గొడవెందుకని అడిగినంతా ఇచ్చేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ మనిషిని తిట్టుకుంటూ ఉంటారు. మరికొందరు కోపంతో ఆయనకు న్యాయంగా రావలసినది కూడా ఎగ్గొట్టి, పనిముట్లు లాక్కుని వెళ్లగొడతారు. మొదటివారు తమ హక్కు ఏమిటో తెలుసుకోలేదు. రెండవవారు ఎదుటివాని హక్కు ఏమిటో తెలుసుకోలేదు. నమాజు, రోజాల ఆదేశాలను ఎంత శ్రద్ధగా నేర్చుకుంటామో, లావాదేవీల ఆదేశాలను కూడా అంతే శ్రద్ధగా నేర్చుకోవాలి. ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు తోటి దాసుని హక్కుకు సంబంధించినది.

ధర ఎక్కువ కావడం వేరు, అన్యాయం కావడం వేరు

ముందుగా ఒక విషయం గ్రహించాలి. ఎక్కువ ధర అడగడమే జులుం కాదు. మదీనాలో ఒకసారి ధరలు పెరిగినప్పుడు, ధరలు నిర్ణయించమని ప్రజలు దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన (స) అందుకు ఒప్పుకోలేదు. ధరలను నిర్ణయించేవాడు అల్లాహ్ అని, ఎవరి ప్రాణం విషయంలో గానీ ధనం విషయంలో గానీ అన్యాయం చేశాననే ఫిర్యాదు తనపై లేకుండా ప్రభువును కలుసుకోవాలని కోరుకుంటున్నానని తెలియజేశారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. కాబట్టి ఒక మేస్త్రీ పని మొదలు పెట్టకముందే, నా రేటు ఇంత అని చెబితే, అది మనకు ఎంత ఎక్కువ అనిపించినా, మోసం లేనంతవరకు ఆయనను తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఇష్టమైతే ఒప్పుకుంటాం, లేకపోతే మరొకరిని చూసుకుంటాం.

అసలు సమస్య మాట కుదిరిన తర్వాత మొదలవుతుంది. ఒప్పందాలను నెరవేర్చమని సూరా మాయిదా మొదటి ఆయతులోనే అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. ముస్లింలు తాము విధించుకున్న షరతులకు కట్టుబడి ఉంటారని మహాప్రవక్త (స) ప్రవచించారు. సూరా నిసా 29వ ఆయతు ఒకరి సొమ్మును మరొకరు అక్రమంగా తినడాన్ని నిషేధించి, పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారాన్ని మాత్రమే అనుమతించింది. ఒక ముస్లిం సొమ్ము అతని మనఃపూర్వక సమ్మతి లేకుండా ధర్మసమ్మతం కాదని హదీసులో ఉంది.

'మనఃపూర్వక సమ్మతి' అన్న ఈ మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. స్లాబు పైపొర తవ్వేసి ఉంది. ఆకాశంలో మబ్బులు పట్టాయి. ఇంట్లో పసిపిల్లలు, వృద్ధులు ఉన్నారు. ఆ సమయంలో 'సరే, ఇస్తాం' అని ఇంటివారి నోటి నుండి వచ్చే మాట సమ్మతా, నిస్సహాయతా? నోరు ఒప్పుకున్నా మనసు ఒప్పుకోలేదని అడిగినవానికి కూడా తెలుసు. ఇంటిని కాపాడుకోవడానికి విధిలేక ఇచ్చినవారిపై పాపం లేదు. కానీ ఆ నిస్సహాయతను ఆసరా చేసుకుని తీసుకున్నవానికి ఆ సొమ్ము హలాల్ కాదు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే: పెంచిన ధర న్యాయమా, అన్యాయమా అన్నది పెరిగిన మొత్తాన్ని బట్టి తేలదు. ఆ పెంపుకు నిజమైన కారణం ఉందా, దానికి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉందా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

హజ్రత్ మూసా (అ) ఒప్పందం నేర్పే పాఠం

కూలి ఒప్పందానికి దివ్య ఖుర్ఆన్‌లో చక్కని ఉదాహరణ ఉంది. ఈజిప్టు విడిచి మద్‌యన్ చేరిన హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను అక్కడి ఒక వృద్ధ సజ్జనుడు పనిలో పెట్టుకున్న సంఘటన సూరా ఖసస్ 26 నుండి 28 ఆయతుల్లో వస్తుంది. పనిలో పెట్టుకోదగినవాడు బలవంతుడు, నమ్మకస్తుడు అయి ఉండాలని ఆ వృద్ధుని కుమార్తె సూచించింది. అంటే పని వచ్చినవాడు కావాలి, అమానతు గలవాడు కూడా కావాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ మనిషి మన ఇంటి పనికి తగడు.

ఆ తర్వాత వృద్ధుడు షరతు చెప్పాడు. తన కుమార్తెలలో ఒకరినిచ్చి వివాహం చేస్తానని, బదులుగా ఎనిమిదేళ్లు పని చేయాలని అన్నాడు. పదేళ్లు పూర్తి చేస్తే అది మూసా (అ) ఇష్టమని, తాను ఆయనను కష్టపెట్టదలచుకోలేదని కూడా చెప్పాడు. మూసా (అ) అంగీకరించారు. ఈ రెండు గడువుల్లో దేనిని పూర్తి చేసినా తనపై ఒత్తిడి ఉండకూడదని స్పష్టం చేసి, ఈ మాటలకు అల్లాహ్‌ను సాక్షిగా పెట్టారు.

ఇందులో ఎన్ని విషయాలు స్పష్టంగా ఉన్నాయో చూడండి. పని తెలుసు. ప్రతిఫలం తెలుసు. తప్పనిసరి ఎంత, అదనం ఎంత అన్నది తెలుసు. ఆ అదనం ఎవరి ఇష్టమో ముందే తేలిపోయింది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినదాని ప్రకారం మూసా (అ) రెండింటిలో ఎక్కువైన గడువునే పూర్తి చేశారు. ఇది సహీ బుఖారీలో ఉంది. అయితే ఆ రెండేళ్లు ఆయన తన మంచితనంతో ఇచ్చినవి. ఎనిమిదో ఏట ఎవరో మెడపై కూర్చుని రాబట్టుకున్నవి కావు. అదనం ఇవ్వడం ఇహ్సాన్, అంటే ఉపకారం. అదనం గుంజుకోవడం జులుం.

పెంపు నాలుగు రకాలు

మేస్త్రీ ఎక్కువ అడిగిన ప్రతిసారీ మోసమనుకోవడం సరికాదు. ఎందుకు అడుగుతున్నాడో చూడాలి. సాధారణంగా నాలుగు కారణాలు ఉంటాయి.

మొదటిది, మనం అడిగిన అదనపు పని. ఒక గదికని మాట్లాడుకుని, పని జరుగుతుండగా 'భాయ్, ఆ వరండా కూడా పూసేయండి' అంటాం. ఆయన పూస్తాడు. చివరికి డబ్బు అడిగితే, అదంతా కలిపే కదా మాట్లాడుకున్నాం అంటాం. ఇది మన వైపు జరిగే అన్యాయం. జిద్దా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2003 జనవరిలో దోహాలో జరిగిన 14వ సమావేశంలో కాంట్రాక్టు పనుల గురించి తీర్మానం చేసింది. యజమాని అంగీకారంతో అదనపు పని జరిగి, దాని ధర మాత్రం మాట్లాడుకోకపోతే, అలాంటి పనికి బయట ఎంత ఇస్తారో అంత కాంట్రాక్టరుకు చెల్లుతుందని అందులో ఉంది. మన ఫుఖహా దీనినే ఉజ్రతె మిస్ల్ అంటారు. అదే తీర్మానం ప్రకారం, యజమానితో అనుకోకుండా తనంతట తానే మార్పులు, చేర్పులు చేసిన కాంట్రాక్టరుకు వాటి కోసం అదనంగా అడిగే హక్కు లేదు. మామూలు రంగు వేయమంటే అడగకుండా ఖరీదైన రంగు వేసి, ఆ తేడా ఇమ్మనడం ఈ కోవలోకే వస్తుంది.

రెండవది, పని మొదలయ్యాక బయటపడిన లోపం. కారుతున్న స్లాబుకు పైన వాటర్ ప్రూఫింగ్ చేస్తే చాలనుకుంటాం. కింద పెచ్చులు తీసి చూస్తే లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బిపోయి ఉంటాయి. ఆ తుప్పు గీకి, దానికి మందు పూసి, కొత్త మాలు పెట్టకుండా పైపైన పూస్తే పని నిలవదు. ఇది నిజమైన అదనపు ఖర్చు. అయితే ఇక్కడ మేస్త్రీపై ఒక బాధ్యత ఉంది. లోపం కనబడగానే పని ఆపి, ఇంటివారిని పిలిచి చూపించి, కొత్త ధర మాట్లాడుకున్న తర్వాతే ముందుకు వెళ్లాలి. అంతా చేసేసి చివర్లో బిల్లు పెట్టకూడదు. అలాగే పని తెలిసిన ఎవరికైనా ముందే కనబడే లోపాన్ని, ఇప్పుడే చూశానని చెప్పడం కూడా తగదు.

మూడవది, సామాను ధర పెరగడం. మనం లేబర్ మాత్రమే గుత్తకు ఇచ్చి, సిమెంటు, ఇసుక మనమే తెస్తే, ఆ పెంపు ఎలాగూ మనదే. సామానుతో సహా ఒకే మొత్తానికి ఒప్పుకున్న కాంట్రాక్టరు మాత్రం మామూలు హెచ్చుతగ్గులను తానే భరించాలి. ధర తగ్గితే ఆ లాభం ఆయనదే కదా! 2025 సెప్టెంబర్ 22 నుండి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందే ధర మాట్లాడుకున్నవారికి ఆ తేడాను తిరిగి ఇచ్చిన కాంట్రాక్టర్లు ఎందరు? తగ్గినప్పుడు ఒప్పందం ఒప్పందమే అనేవారు, పెరిగినప్పుడు కూడా అదే మాటపై నిలబడాలి. ఎవరూ ఊహించని ఉపద్రవం వచ్చి ఖర్చులు విపరీతంగా పెరిగిపోతే సంగతి వేరు. అలాంటి స్థితిలో నష్టమంతా ఒక్కరిపైనే పడకుండా ఇరుపక్షాల మధ్య న్యాయంగా సర్దుబాటు చేయవచ్చని మక్కాలోని రాబితా ఆలమె ఇస్లామీ వారి ఫిఖ్హ్ మండలి 1982లో తీర్మానించింది. బస్తాకు పది, ఇరవై రూపాయలు పెరగడం అలాంటి ఉపద్రవం కాదు.

నాలుగవది, అసలు ఏ కారణమూ లేని పెంపు. పని దొరకడానికి తక్కువ ధర చెప్పి, ఇల్లు విప్పేశాక ఎక్కువ గుంజాలని ముందే అనుకోవడం. ఇది స్పష్టమైన మోసం. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టినప్పుడు లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని ఆ వ్యాపారి చెప్పాడు. ప్రజలకు కనబడేలా తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) ప్రశ్నించి, మోసం చేసేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. ఇది సహీ ముస్లింలో ఉంది. తడిసిన గింజలను కింద దాచడం, అసలు ధరను అడుగున దాచడం – రెండూ ఒకటే.

ఇంటివారి బాధ్యత

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు సూరా బఖరా 282. అది అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించి, సాక్షుల గురించి చెబుతుంది. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని బోధిస్తుంది. మరి మనం ఏం చేస్తాం? 'మనవాడే కదా, రాతకోతలు ఎందుకు?' అంటాం. 'మీరు కానివ్వండి మేస్త్రీ, తర్వాత చూసుకుందాం' అంటాం. ప్రతిఫలం తేల్చకుండా కుదుర్చుకున్న కూలి ఒప్పందం లోపభూయిష్టమని (ఫాసిద్) హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. రాయడమంటే అనుమానించడం కాదు. మరచిపోయే మనుషులకు అల్లాహ్ చేసిన మేలు అది.

స్టాంపు పేపరు లేకపోయినా ఒక తెల్ల కాగితం చాలు. తెలుగులోనో ఉర్దూలోనో ఇలా రాసుకోండి: ఏయే పని, ఎన్ని చదరపు అడుగులు, సామాను ఎవరిది, ఏ రకం, మొత్తం ఎంత, అడ్వాన్సు ఎంత, ఏ దశలో ఎంత, ఎన్ని రోజుల్లో పూర్తి కావాలి. చివరగా ఈ ఒక్క వాక్యం తప్పక ఉండాలి – ఏ అదనపు పని అయినా, ఏ అదనపు ధర అయినా ముందుగా చెప్పి, ఇద్దరూ ఒప్పుకున్న తర్వాతే. ఎదుటివారికి చదవడం రాకపోతే చదివి వినిపించండి. ఇద్దరు సాక్షులను పెట్టుకోండి. మధ్యలో ఏదైనా మారితే కనీసం వాట్సాప్‌లో ఒక సందేశం పంపి, ఆయన అంగీకారం తీసుకోండి. స్లాబు పని అయితే 24 గంటలు నీళ్లు నిలిపి చూసి, కారడం లేదని తేలాక చివరి విడత ఇస్తామని ముందే చెప్పి రాసుకోండి. ముందే ఒప్పుకున్న షరతు గనుక ఇది కూలి ఆపడం కిందకు రాదు.

షరతు నెరవేరిన తర్వాత మాత్రం ఒక్క రోజు కూడా తిప్పుకోకూడదు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమని మహాప్రవక్త (స) ఆదేశించారు. ప్రళయదినాన తాను ముగ్గురికి ప్రత్యర్థినవుతానని అల్లాహ్ తెలిపిన హదీసె ఖుద్సీ బుఖారీలో ఉంది. మనిషితో పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాడు ఆ ముగ్గురిలో ఒకడు. అన్యాయంగా పెంచేవాని గురించి మాట్లాడే ముందు, అన్యాయంగా తగ్గించేవారిలో మనం లేమని తేల్చుకోవాలి.

పెంచి అడిగినప్పుడు ఏం చేయాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. స్లాబు పనికి సామానుతో సహా 40,000 రూపాయలకు మాట కుదిరింది. 15,000 అడ్వాన్సు ఇచ్చారు. సగం పనిలో మేస్త్రీ ఇంకా 25,000 కలిపి మొత్తం 65,000 కావాలన్నాడు.

మొదట కోపాన్ని అదుపులో పెట్టుకోవాలి. ఇంటి గుట్టంతా బయటపడేలా వీధిలో నిలబడి కేకలు వేసుకోవడం వల్ల ఎవరి హక్కూ తేలదు. కూర్చోబెట్టి మర్యాదగా అడగాలి: 'భాయ్, ఏ పని పెరిగింది, దానికి ఎంత సామాను, ఎన్ని కూలీలు పట్టాయో రాసి ఇవ్వండి. న్యాయమైనది ఒక్క రూపాయి కూడా ఆపం.' నిజమైన కారణం ఉన్నవాడు రాసి ఇస్తాడు. లేనివాడు తడబడతాడు.

రాసి ఇచ్చాడనుకుందాం. తుప్పు పట్టిన చువ్వల పనికి 6,000. మనమే అడిగి వేయించుకున్న కొత్త నీటి గొట్టానికి 4,000. మిగతా 15,000కు రేట్లు పెరిగాయన్న మాట తప్ప వేరే కారణం లేదు. అప్పుడు మొదటి రెండూ ఒప్పుకోవాలి. గొట్టం మనం అడిగినది. చువ్వల లోపం మన ఇంటిదే, దానిని మన కళ్లతో చూశాం, ఆ పని మనకు అవసరం. కాబట్టి మనం ఇవ్వవలసినది 50,000. మిగిలిన 15,000 ఇవ్వడం మనపై విధి కాదు. ఆ పని తెలిసిన, ఇద్దరికీ నమ్మకమైన మరో మేస్త్రీని పిలిపించి లెక్క చూపిస్తే చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి.

అప్పటికీ తేలకపోతే మహల్లా పెద్దలనో, మసీదు కమిటీనో, ఇమాము గారినో మధ్యవర్తులుగా పెట్టి సులహ్ చేసుకోవాలి. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి), ఇబ్నె అబీ హద్రద్ (రజి)ల మధ్య ఒక అప్పు విషయంలో మసీదులోనే మాటలు పెరిగాయి. మహాప్రవక్త (స) తమ గది తెర తొలగించి, సగం వదులుకోమని కఅబ్ (రజి)కు సైగ చేశారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు ఆయన (స) రెండవవారితో, లేచి మిగిలినది చెల్లించమన్నారు. సులహ్ అంటే ఇదే. ఒకరు కొంత వదులుకుంటారు, మరొకరు మిగిలినది ఆలస్యం చేయకుండా చెల్లిస్తారు. పేద మేస్త్రీ నిజంగానే లెక్క తప్పి నష్టపోతున్నాడని తెలిస్తే, స్తోమత ఉన్నవారు ఆ 15,000లో కొంత తమ ఇష్టంతో ఇవ్వవచ్చు. అది ఇహ్సాన్, దానికి అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉంది.

ఆయన పని వదిలేసి వెళ్లిపోతే? అంతవరకు జరిగిన పనిని తెలిసినవారితో అంచనా వేయించి, ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆ తర్వాతే మరొకరికి అప్పగించండి. జరిగిన పని అడ్వాన్సు కంటే ఎక్కువ విలువైనదైతే ఆ తేడా ఆయనకు ఇవ్వాలి. తక్కువైతే తిరిగి అడిగే హక్కు మనకు ఉంది. ఆయన సామాను పట్టుకుని ఉంచడం, ఆయన కింద పనిచేసిన కూలీల రోజు కూలి ఆగిపోయేలా చేయడం తగదు. వారు మన తగాదాలో భాగస్తులు కారు. మనం ఆయనకు ఇవ్వవలసినది ఉంటే, ఆయనకు చెప్పి అందులో నుండి వారి కూలి ఇప్పించవచ్చు.

చట్టం ద్వారా హక్కు కోరడం కూడా ధర్మసమ్మతమే. హక్కుదారునికి మాట్లాడే అధికారం ఉందని మహాప్రవక్త (స) ప్రవచించారు. మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, డబ్బు తీసుకుని సేవ సరిగా చేయనివారిపై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదు రుసుము లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. 1915 నంబరుకు ఫోను చేసి ముందుగా సలహా కూడా అడగవచ్చు. ఇక్కడ కూడా మనం రాసుకున్న ఆ తెల్ల కాగితమే మనకు సాక్ష్యం.

అయితే ఒక హెచ్చరిక గుర్తుండాలి. తగాదాలో తన వాదనను ఎదుటివానికంటే చక్కగా వినిపించినందువల్ల ఎవరికైనా తన సోదరుని హక్కులో నుండి తాను ఇప్పిస్తే, అది అతనికి తాను కోసి ఇచ్చిన నిప్పు ముక్క అని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. తీర్పు మనకు అనుకూలంగా వచ్చినంత మాత్రాన మనది కానిది మనకు హలాల్ అయిపోదు. ఈ మాట మేస్త్రీకీ వర్తిస్తుంది, ఇంటి యజమానికీ వర్తిస్తుంది.

ఎదుటివాడు ఎవరైనా సరే

మన ఇళ్లలో పనిచేసే మేస్త్రీలు, ప్లంబర్లు, పెయింటర్లు అందరూ ముస్లింలు కారు. పైన చెప్పిన ఆదేశాలన్నీ వారి విషయంలోనూ యథాతథంగా వర్తిస్తాయి. ఏ జాతి పట్ల ఉన్న ద్వేషమైనా మిమ్మల్ని న్యాయం నుండి తప్పించకూడదని సూరా మాయిదా 8వ ఆయతు ఆదేశిస్తోంది. ఒక ముస్లిమేతర కూలీ మన ఇంటి నుండి పూర్తి కూలితో, గౌరవంతో వెళితే అతని వద్ద ఇస్లాం గురించి మన గుమ్మమే సాక్ష్యం చెబుతుంది. కూలి ఎగ్గొట్టించుకుని వెళితే అదీ సాక్ష్యమే.

కాంట్రాక్టు పనులు చేసే మన సోదరులకు కూడా ఒక విన్నపం. మీరు సాయంత్రం ఇంటికి తీసుకువెళ్లే డబ్బుతోనే మీ పిల్లల అన్నం ఉడుకుతుంది. విధిలేక, కన్నీళ్లతో ఇచ్చిన నోట్లు అందులో కలిసి ఉన్నాయేమో చూసుకోండి. పీడితుని మొరకు, అల్లాహ్‌కు మధ్య తెర ఉండదని మహాప్రవక్త (స) హజ్రత్ ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపుతూ హెచ్చరించారు. మీ ధర ఎక్కువైతే ఎక్కువే చెప్పండి, కానీ మొదటి రోజే చెప్పండి. రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్. నిజం చెప్పినందువల్ల చేజారే పని మీ అదృష్టంలో లేని పనే.

కాబట్టి రేపు మీ ఇంట్లో చిన్న మరమ్మతు అయినా సరే, సుత్తి దెబ్బ పడకముందే కాగితం, కలం తీయండి. పని పూర్తయ్యాక ఇద్దరూ సలాం చెప్పుకుని విడిపోయేలా లావాదేవీ జరపండి.

మన సంపాదనలోనూ, ఖర్చులోనూ న్యాయాన్ని పాటించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.